పడవ ఇంజనుకి శ్రుతి చేసిన వయొలిన్

దుబాయ్‌లో మెట్రో కొత్తగా తిరుగుతున్న రోజుల్లో నేనొక ఫ్రెంచి సినిమాకి సంగీతం చేశాను. ఈ మాట అనగానే మావాళ్లలో కొందరు, నిజమేనా అన్నట్టు మా ఆయన ముఖం వంక చూస్తారు. కొందరు హీరో ఎవరని అడుగుతారు. హీరో జగిత్యాల దిక్కు మేస్త్రీ. పాటల్లేవు, ఫైట్లు లేవు, గంటలోపే అయిపోతుంది, ఫ్రాన్సులో టీవీలో వేశారు. ఇంత చెప్పేసరికి అడిగినవాళ్ల ఉత్సాహం సగం చచ్చిపోతుంది. నా ఉత్సాహం మాత్రం ఇన్నేళ్లయినా తగ్గలేదు కాబట్టి మొదట్నుంచీ చెబుతాను.

అసలు వాళ్లు నన్ను పిలిచింది తెలుగు కోసం. ఒక ఫ్రెంచావిడ గల్ఫులో పనిచేసే తెలంగాణ మేస్త్రీ మీద డాక్యుమెంటరీ తీసింది. షూటింగప్పుడు ఎవరో హిందీలో సర్దుకొచ్చారు గానీ, అతను మనసు విప్పి మాట్లాడిందంతా తెలుగులోనే. తీరా ఎడిటింగుకి కూర్చునేసరికి ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ స్టూడియోలో సౌండ్ ఇంజనీరు మలయాళీ. వాళ్లమ్మాయి నా దగ్గర వయొలిన్ నేర్చుకునేది. మా అమ్మాయి టీచరుది తెలుగే అని అతనే నా పేరు చెప్పాడు.

పెళ్లికి ముందు విజయవాడలో కచేరీలకి పక్కవాద్యం వాయించినదాన్ని నేను. పక్కవాద్యం పని తెలుసు కదా, పాడేవాళ్లు ఎటు వెళితే అటు వెళ్లాలి. పెళ్లయి షార్జా వచ్చాక అలా వెంట వెళ్లడానికి కూడా ఎవరూ దొరకలేదు. వీసా మీద నా వృత్తి హౌస్‌వైఫ్ అని ఉండేది. సాయంత్రం పూట అల్ నహ్దాలో మా బిల్డింగు పిల్లలకి సరళీ స్వరాలు చెప్పుకునేదాన్ని. లిఫ్టులో నా పేరు వయొలిన్ ఆంటీ. పై ఫ్లాటాయన ఒకసారి, మీరు పిల్లిని పెంచుతున్నారా అని వాచ్‌మన్‌తో కబురంపాడు.

నాకొక కోరిక ఉండేది. సొంతంగా ఒక సంగీతం కట్టాలి, దాని కింద నా పేరు ఉండాలి. ఒకరి వెనకాల వాయించినదీ, పిల్లలకి వల్లెవేయించినదీ కాకుండా, ఇది నాది అనుకునేది ఒకటి. నవ్వుతారని ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో కూడా అనలేదు.

స్టూడియోలో మొదటి రోజే నా తెలుగు పరువు పోయింది. మేస్త్రీ మాటలు కొన్ని నాకూ కొరుకుడు పడలేదు. బుగులు అంటాడు, నాకు తెలియదు. చివరికి శుక్రవారం సెలవు చూసి అతన్నే పిలిపించారు. ముప్పై అయిదేళ్లుంటాయేమో, మడత నలగని చొక్కా, సన్నటి మీసం. నేను మీరు మీరు అంటూ అడుగుతుంటే నవ్వాపుకోలేకపోయాడు. "నీ తెల్గు పేపర్ల తెల్గు లెక్కున్నదక్కా," అన్నాడు. అప్పట్నుంచి నేను తమ్ముడూ అన్నాను, అతను అక్కా అన్నాడు. బుగులంటే భయమని అతనే చెప్పాడు.

సినిమాలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు ఒకటుంది. శుక్రవారం పూట అతను డేరా రేవులో అబ్రా అనే మోటారు పడవ ఎక్కి, ఊరి మధ్య సముద్రపు పాయ క్రీక్ దాటి, బర్ దుబాయ్ వైపున్న గుడికి వెళ్తాడు. పడవలో కూర్చుని కెమెరా వైపు చూడకుండా ఒక మాట అంటాడు. "గీ పడవల కూసున్నంక నాకు ఎవ్వడు పని చెప్పడు. గా ఒడ్డు అచ్చెదాంక నేను ఎవ్వని నౌకర్ని గాను." ఆ తర్వాత ఒడ్డు చేరేదాకా ఇంక మాటల్లేవు. అతని ముఖం, నీళ్లు, చుట్టూ కూర్చున్న జనం, అంతే.

నేను ఆ మాటని ఇంగ్లీషులో చెప్పాను. ఫ్రెంచావిడ పెన్ను కింద పెట్టేసింది. తర్వాత ఆ దృశ్యాన్ని సంగీతంతో సహా వేసి చూపించారు. ఊద్ మోగింది. ఊద్ అంటే అరబ్బుల తీగవాద్యం, మంచి వాద్యమే, నాకు దాని మీద కోపం ఏమీ లేదు. కానీ దాని వెనక ఇసకలో ఒంటెలు నడుస్తున్నట్టు డప్పు, పైన గాలి ఊళ. ఎక్కడో రెడీమేడ్‌గా కొన్న సంగీతమట.

నాకు ఒళ్లు మండింది. ఈ మనిషి జీవితంలో ఒంటె ఎక్కడుంది, రోజూ క్యాంపు నుంచి సైటుకి బస్సులో పోతాడు గదా అని అడిగాను. ఫ్రెంచావిడ నవ్వి, ఎడిటింగు కోసం తాత్కాలికంగా పెట్టాం గానీ అదే అలవాటైపోయింది, పారిస్‌లో కూడా బాగుందన్నారు అంది. మరి నువ్వయితే ఏం పెడతావు అని అడిగింది. ఊరికే అడిగిందో, నిజంగా అడిగిందో నేను ఆలోచించలేదు. నేను చేసుకొస్తాను అని నా నోట్లోంచి వచ్చేసింది.

మలయాళీ ఇంజనీరు నా వంక చూసి గబుక్కున కంప్యూటరు వైపు తిరిగాడు. ఆవిడ మాత్రం ఒప్పుకుంది. ఈ ఒక్క పడవ దృశ్యానికి చేసి తెమ్మంది. నచ్చితే సినిమా మొత్తం నాకే. నచ్చకపోతే ఊదే ఉంటుంది, మాట్లాడేది లేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, ఫ్రెంచి వాళ్లకి సంగీతమా, వాళ్లకి మన పిల్లి సంగతి తెలుసా అన్నారు. అంటూనే తెలిసినవాళ్ల ఇంటికెళ్లి కీబోర్డు అడిగి తెచ్చారు. ఆయన వెక్కిరింపుకీ పనికీ పొంతన ఉండదు.

ఇక నా ప్రతాపం చూడండి. విజయవాడ హాళ్లలో తెలుగు సినిమాలు చూసి పెరిగినదాన్ని. రీరికార్డింగ్ అంటే ఎలా ఉండాలో నాకొకరు చెప్పాలా? హీరో తల తిప్పితే ఒక దెబ్బ పడాలి, తల్లి కంట నీళ్లు తిరిగితే వయొలిన్లన్నీ కట్టకట్టుకుని ఏడవాలి. మేస్త్రీ నీళ్ల వంక చూస్తే వేణువు పెట్టాను. పక్షి ఎగిరితే వీణ మీటాను. నౌకర్ని గాను అన్న మాట మీద కీబోర్డులో ఉన్న తీగవాద్యాలన్నీ కలిపి, పైన నా వయొలిన్‌తో గుండెలు పిండేశాను. ఒక్క క్షణం ఖాళీ వదల్లేదు. అంతా విని మా ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఆయన మా పెళ్లి అప్పగింతల్లో కూడా ఏడవని మనిషి.

ఫ్రెంచావిడ విని, చాలా అందంగా ఉంది అంది. నేను గాల్లో తేలుతూ ఇంటికొచ్చి సేమ్యా పాయసం చేసి, బిల్డింగులో తెలిసిన నాలుగిళ్లకీ పంచాను. పై ఫ్లాటాయనకి కూడా పంపాను, కాస్త జీడిపప్పు ఎక్కువ వేసి మరీ.

మర్నాడు ఇంజనీరు ఫోన్ చేశాడు. అతను నసుగుతుంటే ఏంటో చెప్పవయ్యా అన్నాను. "టీచర్, మేడమ్ ప్రెట్టీ బోలా తో సమఝో ఖలాస్," అన్నాడు. ఖలాస్ అంటే ఇక అయిపోయినట్టే. ఆవిడకి ఒకటి నచ్చకపోతే మొహమాటానికి అందంగా ఉంది అంటుందట, నిజంగా నచ్చితే ఏమీ అనదట. ఆదివారం ఫైనల్ మిక్సింగ్, ఊద్‌నే ఉంచేస్తున్నారు అన్నాడు. నాకు ముందు పాయసం గుర్తొచ్చింది. నాలుగిళ్ల వాళ్లకి ఏం చెప్పను?

నేను ఊరుకునే రకం కాదు. మధ్యాహ్నానికల్లా టాక్సీ ఎక్కి స్టూడియోకి వెళ్లాను. ఎందుకు నచ్చలేదో నా ముఖం మీదే చెప్పండి అన్నాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. ఇంజనీరు చేత సౌండు మొత్తం ఆపించి, ఆ దృశ్యాన్ని మూగగా వేయించింది. మేస్త్రీ పడవలో కూర్చున్నాడు. కాళ్లు చాపుకున్నాడు. గాలికి చొక్కా కాలరు ఎగురుతోంది. కళ్లు సగం మూసుకున్నాడు.

"అతను ఏడవటం లేదు. అతని బదులు నువ్వెందుకు ఏడుస్తున్నావు?" అంది. తర్వాత ఇంకో మాట అంది, అది నన్ను చెంపమీద కొట్టినట్టయింది. "ఆ మాటకి అర్థం నాకు చెప్పింది నువ్వే గదా."

నిజమే. నౌకర్ని గాను అని అతను అన్నప్పుడు ఆ గొంతులో ఉన్నది సంతోషం. దాన్ని ఇంగ్లీషులోకి సరిగ్గానే తెచ్చాను, సంగీతంలోకి తేలేకపోయాను. దుబాయ్ కూలీ అనగానే మనకి ఏడుపు ముందొస్తుంది. అతనికి వారానికోసారి దొరికే ఆ కాస్త దర్జా మీద నేను కన్నీళ్లు కుమ్మరించాను. నాకు సిగ్గేసింది, ఆవిడ మీద మండింది కూడా. శుక్రవారం గడిచేదాకా ఆగండి, శనివారం వస్తాను అన్నాను. ఆవిడ భుజాలెగరేసింది. దాన్ని నేను సరే అని లెక్కేసుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం మా ఆయన్ని బయల్దేరదీశాను. ఈసారి పాయసం ఎన్నిళ్లకి పంచాలో అని గొణుగుతూనే కారు తీశారు. డేరాలో అబ్రా ఎక్కాం. ఈ దేశం వచ్చినప్పటి నుంచీ ఎన్నిసార్లు ఎక్కామో, ప్రతిసారీ ఊరి నుంచి వచ్చిన చుట్టాలకి చూపించడానికే. మాకోసమని ఎక్కడం అదే మొదటిసారి.

విజయవాడలో నాకు వయొలిన్ నేర్పిన మాస్టారికి ఒక అలవాటుండేది. ఎక్కడ ఏ మోత విన్నా దానిలో షడ్జమం, అంటే సరిగమల్లో మొదటి స, ఎక్కడుందో పట్టుకుని కూనిరాగం తీయమనేవారు. కృష్ణ బ్రిడ్జి మీద రైలు పోతున్నా అంతే, వీధి చివర పిండిమర ఆడుతున్నా అంతే. శ్రుతి పట్టుబడేదాకా కమాను ముట్టుకోనిచ్చేవారు కాదు. పాతికేళ్ల నుంచీ నాకది రోగంలా అంటుకుంది. మిక్సీ తిరుగుతుంటే కూడా దాంతో కలిపి పాడతాను.

అబ్రా కదిలింది. ముందు ఇంజను దగ్గింది, గొణిగింది, పడవ మలుపు తిరిగి నడి నీళ్లలోకి వచ్చాక ఒక్క నాదం మీద కుదురుకుంది. నా గొంతు దానంతటదే అందుకుంది. పక్కన కూర్చున్న పఠాన్ పెద్దాయన ఆశ్చర్యంగా చూశాడు. మా ఆయన నాకేమీ కానట్టు అరడుగు పక్కకి జరిగారు. నేను షడ్జమం మీద నుంచి పంచమానికి వెళ్లాను. ఇంజను కింద, నేను పైన, రెండూ కొక్కెం పడ్డట్టు కలిశాయి.

చుట్టూ చూశాను. ఎవరూ మాట్లాడటం లేదు. ఒకతను చెప్పులు విప్పి కాళ్లు చల్లగాలికి పెట్టుకున్నాడు. ఇంకొకతను ఫోను జేబులో పెట్టేసి ఆకాశం చూస్తున్నాడు. ఒక్క ముఖంలోనూ ఏడుపు లేదు. అప్పుడు అర్థమైంది మేమందరం చేస్తున్న తప్పు. ఊద్ పెట్టినవాళ్లూ, కీబోర్డు పెట్టిన నేనూ, సంగీతం వినిపించాలని ఇంజను మోతని తగ్గించేశాం. తంబురాని గోడకి తగిలించేసి కచేరీకి కూర్చున్నాం. శ్రుతి ఆ ఇంజనే.

ఏవండీ దొరికింది అన్నాను. ఏం పోయింది అన్నారు మా ఆయన, సీటు కింద వెతుకుతూ.

శనివారం స్టూడియోలో, ఇంజను మోత మొత్తం పైకి లేపమని చెప్పాను. ఇంజనీరు నా వంక అనుమానంగా చూసినా లేపాడు. ఆ నాదం కీబోర్డు మీద ఎక్కడా దొరకలేదు. రెండు మెట్ల మధ్య సందులో ఉంది. ఏ రెడీమేడ్ సంగీతం తెచ్చినా దాని పక్కన అపస్వరమే. వయొలిన్‌కి ఆ బాధ లేదు. బిరడాలు తిప్పి, తీగలు వదులు చేసి, నా షడ్జమాన్ని ఇంజను దగ్గరికి దింపాను. కింద కూర్చుని వయొలిన్ చివర పాదం మీద ఆనించుకుంటే, ఫ్రెంచావిడ కుర్చీలోంచి ముందుకి వంగి చూసింది. వాళ్ల దేశంలో నిలబడి గడ్డం కింద పెట్టుకుంటారు గదా. ఇంజనీరు మైకుని నేల దాకా వంచాడు.

తెర మీద మేస్త్రీ మాట్లాడుతున్నంతసేపూ కమాను ఎత్తలేదు. నౌకర్ని గాను అన్నాడు. అప్పుడు కూడా ఆగాను. ఇంజను ఒక్కటే మోగింది. దాని మీద పంచమం, ఉందా లేదా అన్నంత సన్నగా. తర్వాత ఒక్కో స్వరమే పైకి. గమకాలన్నీ మింగేశాను. పక్షికి ఏమీ వాయించలేదు, దాని దారిన అది ఎగిరింది. కాళ్లు చాపుకున్న మనిషి ఎంత తీరిగ్గా ఉంటాడో అంత తీరిగ్గా వాయించాను. పడవ ఒడ్డు తగిలి ఇంజను ఆగిపోయాక నా స్వరం ఒక్కటే కాసేపు గాల్లో మిగిలింది. ఇంతసేపూ ఇక్కడ వయొలిన్ ఉందా అని వినేవాళ్లకి తెలిసేది అప్పుడే. తెలియగానే ఆపేశాను.

ఫ్రెంచావిడ ఏమీ అనలేదు.

మళ్లీ వేయమంది. విన్నాక కూడా ఏమీ అనలేదు. అందంగా ఉంది అంటుందేమోనని ఆవిడ నోటి వంకే చూస్తున్నాను. అనలేదు. ఇంజనీరు భుజం మీద తట్టి, తెర మీద ఊద్ ఉన్న వరసని వేలితో చూపించి, తనకి వచ్చిన ఒకే ఒక్క అరబ్బీ మాట అంది. "ఖలాస్." ఇంజనీరు ఊద్‌ని తీసేశాడు. తర్వాత ఆవిడ నా వైపు తిరిగి, మిక్సింగు ఒక వారం వెనక్కి జరుపుతాను, మిగతా సినిమాకి ఎప్పుడు మొదలుపెడతావు అని అడిగింది. ఇప్పుడే అన్నాను. కిందికి దిగేటప్పుడు లిఫ్టులో నేనొక్కదాన్నే ఉన్నాను కాబట్టి, వయొలిన్ పెట్టె గుండెలకి పట్టుకుని గెంతాను. లిఫ్టు ఊగింది. ఊగితే ఊగింది.

టీవీలో వేసే ముందు దుబాయ్‌లో ఒక చిన్న హాల్లో సినిమా చూపించారు. మేస్త్రీ తన క్యాంపు రూములో వాళ్లని నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. మాట్లాడేవాళ్లంతా ఇంగ్లీషులోనే మాట్లాడతారు కాబట్టి అతని పక్కన కూర్చుని చెవిలో తెలుగులో చెప్పడం నా పని. అటు పక్కన మా ఆయన, పెళ్లినాటి కోటులో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. సంగీతం నాదని మేస్త్రీకి తెలియదు. అతనికి నేను తెలుగు చెప్పే అక్కనే. నేనూ చెప్పలేదు. నచ్చకపోతే నా ముఖం చూసి అబద్ధం ఆడతాడని నా భయం.

పడవ దృశ్యం వచ్చింది. ఇంజను ఆగి, నా స్వరం మిగిలి, అదీ ఆగింది. మేస్త్రీ తుండుగుడ్డతో ముఖం తుడుచుకుని నా వైపు వంగాడు.

"గా పడవల నా తోడు ఎవ్వలు లేరు గదక్కా. గిప్పుడు జూస్తే నా పక్కపొంటి ఎవలో కూసున్నట్టనిపిస్తున్నది," అన్నాడు.

నేను ఊఁ అన్నాను.

చివర్లో పేర్లు పడ్డాయి. ఈ సినిమా కోసమే పుట్టిన సంగీతం అని అర్థం వచ్చే ఫ్రెంచి మాటలు, వాటి కింద నా పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా. తెర మీద అది ఉన్నంతసేపూ మా ఆయన నా మోచెయ్యి వదల్లేదు. మేస్త్రీకి ఆ అక్షరాలు రావు.

ఫ్రెంచావిడ మైకు తీసుకుంది. మేస్త్రీ కోసం ఆగి ఆగి ఇంగ్లీషులో మాట్లాడింది, నేను చెవిలో తెలుగు చేస్తూ పోయాను. మీరందరూ వచ్చినందుకు సంతోషం అంటోంది. తమ్ముడు ధైర్యంగా మాట్లాడినందుకు దండం పెడుతోంది. వాళ్ల దేశంలో ఒక పద్ధతి ఉందట, సినిమాకి సంగీతం కట్టినవాళ్లని కూడా ఆ సినిమాని పుట్టించినవాళ్లలోనే లెక్కేస్తారట. ఈ సినిమాని పుట్టించినవాళ్లు ఇద్దరట. ఒకరు ఆవిడ. రెండోవాళ్లు మూడో వరసలో కూర్చుని, ఇప్పుడు ఈ మాటల్ని...

ఆగిపోయాను. అన్నేళ్లు అందరి వెనకాల వాయించినదాన్ని, ఎవరేమన్నా వెంటనే అందుకునేదాన్ని, ఆ ఒక్క వాక్యాన్ని అందుకోలేకపోయాను. హాల్లో తలలన్నీ మా వరస వైపు తిరుగుతున్నాయి.

"ఆగినవేందక్కా? గా రెండో మనిషి ఎవలు?" అన్నాడు మేస్త్రీ.

"నేనే తమ్ముడూ. సంగీతం నాదే."

చప్పట్లు మొదలయ్యాయి. అతను మాత్రం కొట్టలేదు. నా వంక పరీక్షగా చూశాడు, మొదటిసారి చూసినట్టు.

"అయితే పడవల నా పక్కపొంటి కూసున్నది నువ్వేనా?"

అవునన్నాను. అని, లేచి నిలబడ్డాను.